వియ్యంకుడి ఎడమ చెయ్యి

భీమవరం,
6 అక్టోబరు 2024

ఒరేయ్ చక్రీ,

నీకూ దుర్గకూ నా దీవెనలు. మొన్న శుక్రవారం నీ ‘వేలంలో వియ్యంకుడు’ మా ఇంట్లోకే వచ్చింది. మనవడు గౌతమ్ రిమోట్ మీద ఏదో నొక్కాడు, టీవీలో నువ్వు ప్రత్యక్షమయ్యావు. ఇంద్రాణి బ్యాంకు నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా కూర్చుండిపోయింది. తల్లీ కొడుకులిద్దరూ మాటలకు నవ్వారు, నేను నీ మొహం చూసి నవ్వాను. చెవులు పోయాక సినిమా చూడటంలో ఒక సుఖం ఉందిరా. డైలాగుల వెంట పరిగెత్తే పని లేదు, తెరంతా తీరిగ్గా చూసుకోవచ్చు.

అందుకే తప్పులు బోలెడు దొరికాయి. మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న రోజుల్లో నువ్వూ నేనూ మ్యాటినీ చూసి, హీరోయిన్ జడలో పూలు ఎక్కడ మారాయో ఇంటిదాకా పోట్లాడుకుంటూ నడిచేవాళ్ళం. మీ బావగారు వెనకాల సణుక్కుంటూ వచ్చేవారు, వీళ్ళిద్దరికీ టిక్కెట్లు కొనడం దండగని. ఇన్నాళ్ళకు నువ్వే తెర మీద దొరికితే ఊరుకుంటానా?

ఆ వినాయకుడి లడ్డూ వేలంపాట సీను తీసుకో. మండపంలోకి వచ్చేటప్పుడు నీ కండువా కుడి భుజం మీద ఉంది. పాట మొదలయ్యేసరికి ఎడమ భుజం మీదికి మారి, మోచేతి కిందిదాకా జారింది. కాఫీ గ్లాసు ఎడమ చేత్తో పుచ్చుకున్నావు. అల్లుడి వైపు తిరిగేసరికి అది కుడి చేతిలో ఉంది. వాచీ మాయమైంది. లడ్డూ చుట్టూ ఉన్న జీడిపప్పు పాట పెరిగేకొద్దీ తగ్గిపోయింది. ఎవరు తింటున్నారు? చివరికి పాట గెలిచింది నువ్వు, పళ్ళెం నీ చేతికే ఇచ్చారు, కానీ మెట్లు దిగేటప్పుడు అది అల్లుడి నెత్తి మీద ఉంది. ఎప్పుడు ఎక్కింది?

గౌతమ్ ఇదంతా శుభ్రంగా టైపు చేసి యూట్యూబులో మీ ట్రైలరు కింద పెట్టాడు. ఎవరెవరో తెగ మెచ్చుకుంటున్నారట.

ఆదివారాలు వీడియోలో కనపడటం నువ్వు వేసవి నుంచీ మానేశావు. ఉత్తరాలైతే నింపాదిగా ఉంటుందన్నావు. నిజమే, ఉంది. కానీ నీ పెదాలు చదివి ఎన్నాళ్ళయిందో. ఒక్కసారి కనపడరాదూ?

జవాబులు వరసగా రాయి, తప్పించుకోకు.

నీ అక్క,
సూర్యప్రభ


ఎల్.బి. నగర్,
13 అక్టోబరు 2024

అక్కయ్యకు నమస్కారాలు.

దసరా బాగా జరిగింది. దుర్గ బొబ్బట్లు చేసింది. మా వీధిలో జమ్మి ఆకు పంచుకోవడానికి వచ్చినవాళ్ళంతా నన్ను వియ్యంకుడుగారూ అనే పిలిచారు. కరెంటాఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేస్తే ఒక్కడు పేరు పెట్టి పిలవలేదు, ఒక్క సినిమాతో ఈ పేరు వచ్చింది.

ఇక నీ అభియోగాలు. జీడిపప్పు సంగతి ఒప్పుకుంటున్నాను. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర స్టూడియోలో మండపం సెట్టు వేశారు. బాలాపూర్ వేలంపాట చూసినవాళ్ళకు అనుమానం రాకూడదని అంత పెద్ద లడ్డూ చేయించారు. మధ్యాహ్నం భోజనాలు ఆలస్యమైతే పప్పు తగ్గక ఏమవుతుంది? వాచీ లైట్లకు మెరుస్తోందని కెమెరామన్ తీసేయమన్నాడు. కండువా గాలికి జారితే నేనే సర్దుకున్నాను. వియ్యంకుడన్నాక లడ్డూ తను మోస్తాడా, అల్లుడి చేత మోయిస్తాడు గానీ. దీన్ని తప్పనడం అన్యాయం.

ఒక్క మాట మాత్రం వేళాకోళం కాదు. గౌతమ్ పెట్టిన ఆ రాతను తీసేయమను. ఒక షాటుకూ ఇంకో షాటుకూ బట్టలూ వస్తువులూ కలిశాయో లేదో చూసే పని స్టీఫెన్ అనే అసిస్టెంట్ డైరెక్టరుది. మీర్‌పేట్‌లో ఉంటాడు. షూటింగ్ ఉన్నన్నాళ్ళూ నన్ను తన బండి మీద ఎల్.బి. నగర్‌లో దింపి ఇంటికి పోయేవాడు. మీ సరదా రాత ఆ అబ్బాయి మెడకు చుట్టుకునేలా ఉంది.

నా ఫోనులో కెమెరా పాడైంది. బాగుచేయించాక కనపడతాను.

ఉంటాను,
చక్రపాణి


భీమవరం,
22 అక్టోబరు 2024

చక్రీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వుకున్నాను. తర్వాత కోపం వచ్చింది. ఒకప్పుడు తప్పు దొరికితే నాకంటే ముందు ఎగిరేవాడివి. ఇప్పుడు సినిమావాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నావు. నేను రాసినదాంట్లో అబద్ధం ఏముంది? ఆ అబ్బాయి పని సరిగ్గా చేస్తే నాకు దొరికేవి కావు కదా. గౌతమ్ బళ్ళో పిల్లలంతా ఆ రాత చూసి వాడి చుట్టూ మూగుతున్నారు. తీసేయమంటే బిక్కమొహం పెట్టాడు. నాకూ మనసొప్పలేదు.

ఇంకో సంగతి. ఫోనులో కెమెరా పాడైందన్నావు. దుర్గ అదే ఫోనుతో తీసిన దసరా ఫొటోలు ఇంద్రాణికి పంపింది. వాటిలో నువ్వు ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని నించున్నావు.

ఆ ఫొటోలు చూశాక సినిమా మళ్ళీ పెట్టించుకున్నాను. మండపం మెట్ల దగ్గర నీ అడుగు తడబడింది. జనం నవ్వాలని అలా నడిచావనుకున్నాను గానీ, తర్వాతి షాటులో నువ్వు ఊరికే నడుస్తున్నప్పుడు కూడా అదే తడబాటు. అడగడానికి నోరు రావడం లేదు, కానీ అడగక తప్పదు. మన నాన్న ఆఖరి రోజుల్లో చేతులు వీపు వెనక దాచుకుని తిరిగేవాడు. గ్లాసు పట్టుకుంటే వణుకు తెలిసిపోతుందని. నువ్వు గాని తాగుడు మొదలుపెట్టావా? సినిమా స్నేహాలు ఎలాంటివో నాకు తెలియదు. దుర్గ మెతకమనిషి, చూసీ చూడనట్టు ఊరుకుంటుంది.

నా అనుమానం తప్పైతే తిట్టు. జవాబు మాత్రం వెంటనే రాయి. పోస్టుమాన్ వచ్చే వేళకు గుమ్మంలోకి వెళ్ళి నిలబడుతున్నాను.

సూర్యప్రభ


ఎల్.బి. నగర్,
29 అక్టోబరు 2024

అక్కయ్యా,

తిట్టమన్నావు. ఆ ఓపిక లేదు.

నేను తాగి కెమెరా ముందు నించున్నానని నువ్వు అనుకున్నావు. నాన్నను చూసి పెరిగినవాణ్ణి, ఈ వయసు వచ్చేదాకా ఆ వాసన తగలకుండా బతికినవాణ్ణి. పరాయివాళ్ళు ఈ మాట అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి.

స్టీఫెన్‌ను తీసేశారు. ఎవడో కుర్రాడు మీ రాతను ముందు పెట్టుకుని, ఒక్కొక్క తప్పూ బొమ్మతో సహా చూపిస్తూ వీడియో చేశాడు. దాన్ని లక్షలమంది చూశారట. మా డైరెక్టరు వినయ్ స్టీఫెన్‌ను పిలిచి, ఆ వీడియో మొత్తం పక్కన కూర్చోబెట్టుకుని చూపించి, వచ్చే సినిమాకు రావద్దని చెప్పాడట. ఆ సంగతి నాకు మేకప్ మనిషి చెప్పాడు. స్టీఫెన్ చెప్పలేదు.

ఇక సినిమా ఊసు ఎత్తకు. దీపావళికి పిల్లవాణ్ణి జాగ్రత్తగా చూసుకోండి.

చక్రపాణి


భీమవరం,
5 నవంబరు 2024

నాన్నా చక్రీ,

గౌతమ్ ఆ రాత తీసేశాడు. నేను అడగకముందే, నీ ఉత్తరం చదివి వాడే తీసేశాడు. కానీ ఆ వీడియో మన చేతుల్లో లేదు. దాని కింద నా పేరుతో క్షమాపణ రాయించాను, ఎవరూ పట్టించుకోలేదు. నేను సరదాగా అన్న మాట మీర్‌పేట్‌లో ఒక ఇంటి పొయ్యి దాకా వెళుతుందని ఊహించలేదురా. తాగుడు మాటకు కూడా నన్ను మన్నించు.

సినిమా ఊసు ఎత్తవద్దన్నావు. ఎత్తుతున్నాను, ఈ ఒక్కసారికి.

దీపావళి మర్నాడు గౌతమ్‌ను కూర్చోబెట్టుకుని ఆ సీను ఆపి ఆపి చూశాను. ఒక్క లడ్డూ జీడిపప్పు సంగతి వదిలేస్తే, తక్కినవన్నీ నీ ఎడమ చేతి దగ్గరే జరిగాయి. కండువా వచ్చి ఆ చేతినే కప్పింది. గ్లాసు ఆ చేతిలోంచే పోయింది. వాచీ ఆ మణికట్టుదే. పళ్ళెం ఎత్తడానికి రెండు చేతులూ కావాలి, అందుకే అది అల్లుడి నెత్తికెక్కింది. అజాగ్రత్తగా చేసే పని ఇలా ఒకే చోట జరగదు. ఎవరో చాలా జాగ్రత్తగా ఆ చేతిని జనం కంటపడకుండా చేశారు.

నువ్వు దూరం నుంచి నడిచొచ్చే షాటు ఒకటుంది. అందులో నీ కుడి చెయ్యి ఊగుతోంది. ఎడమ చెయ్యి పక్కటెముకలకు అంటుకుని ఉండిపోయింది. గౌతమ్‌కు చూపిస్తే వాడూ చూశాడు. తర్వాత వాడు టీవీ ఆపేసి నా పక్కన కూర్చున్నాడు, మళ్ళీ పెట్టమంటే పెట్టలేదు.

కుడిచేత్తో రాస్తావు కనుక నీ ఉత్తరాలు చూసి నేను ఏమీ పోల్చుకోలేకపోయాను. ఏమైందిరా నీ చేతికి? దుర్గకు తెలుసా? ఎవరికైనా చూపించావా? అన్నం సయించడం లేదు. ఇంద్రాణి ఫోను చేస్తానంటే వద్దన్నాను, నువ్వు నాకే చెప్పాలి.

అక్క


ఎల్.బి. నగర్,
14 నవంబరు 2024

అక్కయ్యా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు దుర్గ వంటింట్లో ఉంది. డాబా మీదికి తీసుకెళ్ళి చదువుకున్నాను. కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది.

ఉగాది ముందు చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. ఎడమ చెయ్యి నా మాట ఆలస్యంగా వింటోంది. భుజం పట్టేసిందని దుర్గకు చెప్పాను, ఆవిడ నూనె కాచి రాసింది. తర్వాత బొటనవేలు కదలడం మొదలుపెట్టింది, నేను ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నప్పుడు. నీతో వీడియోలో మాట్లాడటం అప్పుడే మానేశాను. మాటలు వినపడని దానివి, నా మొహమూ చేతులే చూస్తావు. నీకు తెలిసిపోతుందని భయపడ్డాను. ఉత్తరాలు అందుకే.

ఆ వేలంపాట సీను తీసిన రోజు గ్లాసు పట్టుకున్నాను. స్టీలు గ్లాసు, కింద సాసరు. అది గలగలమంది. సౌండు చూసే అతను షాటు ఆపించి ఆ చప్పుడేమిటని అడిగాడు. అందరూ ఫ్యాన్ల వైపు చూశారు. స్టీఫెన్ ఒక్కడే నా వైపు చూశాడు. కండువా సర్దే నెపంతో దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

“సార్, మీరు పరేషాన్ కాకుండ్రి. ఆ చెయ్యి కండువ కింద పెట్టుండ్రి. మిగిలింది నేను చూస్కుంట.”

అంతే. ఆపైన గ్లాసు మార్చింది తనే. వాచీ తీసింది తనే. పళ్ళెం అల్లుడు మోస్తే ఇంకా నవ్వొస్తుందని వినయ్‌ను ఒప్పించింది తనే. ముందు తీసిన షాట్లతో ఇవి కలవవని ఆ పిల్లవాడికి తెలియదా? దాని కోసమే కదా అతన్ని పెట్టుకున్నది. తెలిసే చేశాడు. అప్పటి నుంచి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

అతన్ని తీసేశాక మీర్‌పేట్ వెళ్ళాను. భార్య రూబీ కుర్చీ వేసి, టీ ఇచ్చి, పని పోయిన కారణం ఈయన చెప్పడం లేదు, మీకేమన్నా తెలుసా సార్ అని అడిగింది. నేను టీ వైపు చూస్తూ కూర్చున్నాను. స్టీఫెన్ నన్ను బయటికి తీసుకొచ్చాడు. వినయ్‌కు అంతా చెప్పేస్తానన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

“వద్దు సార్. నేనైతే ఇంకో కాడ పని చూస్కుంట, నాకింక వయసుంది. మీ సంగతి బయటపడితే మిమ్ముల్ని ఎవ్వరు పిలువరు.”

అక్కయ్యా, అతను చెప్పింది నిజం. వినయ్ తీసే కొత్త సినిమాలో నాది మొదటి నుంచి చివరిదాకా ఉండే వేషం. డిసెంబరులో మొదలు. నాటకాలాడినన్నాళ్ళూ ఇలాంటి దాని కోసమే ఎదురుచూశాను. స్టీఫెన్ వద్దనగానే నా గుండె తేలికపడింది. తేలికపడినందుకు అప్పటి నుంచీ నిద్ర లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఏమంటాడోనని.

చక్రి


భీమవరం,
20 నవంబరు 2024

చక్రీ,

చదివాను. మళ్ళీ చదివాను. నీ పక్కన లేకపోయానే అని ఏడ్చాను. ఇప్పుడు ఏడవడం అయిపోయింది, విను.

ముందు దుర్గకు చెప్పు. నూనె కాచి రాసిన మనిషికి, రాస్తున్నది దేనికో తెలియాలి. తర్వాత డాక్టరు. మనం భయపడుతున్న ఆ వణుకు జబ్బే అయినా దానికి మందులున్నాయని ఇంద్రాణి అంటోంది, వాళ్ళ బ్యాంకు మేనేజరు తండ్రి వాడుతున్నాడట. ఆ తర్వాత వినయ్.

నీ వేషం పోతుందని నాకు తెలుసు. నీకు ఆ వేషం ఎంతో కూడా తెలుసు. కానీ నువ్వు మొదటి రోజు మేకప్ వేసుకుని వెళ్ళినప్పుడు స్టీఫెన్ స్థానంలో ఇంకొకడు నీ కండువా సర్దుతాడు. వాడి ఎదుట నువ్వు నవ్వించగలవా? నువ్వు నా తమ్ముడివి, నీ వల్ల కాదు.

ఆ అబ్బాయి పని పోవడానికి నా రాత కూడా కారణం. వినయ్ చిరునామా ఇస్తే నేనూ రాస్తాను. కానీ నా మాటతో పని జరగదు, నీ మాటే కావాలి.

ఇది అందాక వారం ఆగుతాను. ఆలోపు నువ్వు చెప్పకపోతే నేనే దుర్గకు రాస్తాను. నీకు కోపం వస్తే రానీ.

నీ మీద బెంగతో,
అక్క


ఎల్.బి. నగర్,
8 డిసెంబరు 2024

అక్కయ్యా,

ఆలస్యమైంది, మన్నించు. జరిగినవన్నీ రాస్తున్నాను.

దుర్గతో చెప్పడానికి మంచి సమయం కోసం చూశాను, అది రాలేదు. నువ్వు పెట్టిన వారం గడువు తీరకముందే ఒక గురువారం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళ్ళి మెట్రో ఎక్కాం. ఖాళీగా ఉంది. చెయ్యి వణుకుతుంటే దాచకుండా ఒళ్ళో పెట్టుకుని, చూడు అన్నాను. ఆవిడ చూసింది. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వచ్చేదాకా నా చేతినే పట్టుకుని కూర్చుంది. తర్వాత, “నాకు తెలుసండీ. మీరు చెప్పడం లేదంటే ఎంత భయపడుతున్నారో అని నేను అడగలేదు,” అంది. ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే భయంతో ఒకే ఇంట్లో తిరిగాం. ఎల్.బి. నగర్‌లో దిగడం మరిచిపోతే స్టేషన్ మనిషి వచ్చి ఆఖరి స్టేషన్ ఇదేనని లేపాడు.

డాక్టరు నన్ను నడిపించాడు, వేళ్ళు తట్టించాడు, సంతకం పెట్టించాడు. పార్కిన్సన్స్ అన్నాడు. పూర్తిగా పోదు, మెల్లగా పెరుగుతుంది, మాత్రలతో చాలాకాలం పనులు చేసుకోవచ్చన్నాడు. నటించవచ్చా అని దుర్గ అడిగింది. కొన్నాళ్ళు తప్పకుండా నటించవచ్చన్నాడు. ఆ ‘కొన్నాళ్ళు’ ఎంతో నేను అడగలేదు.

వినయ్ అబ్దుల్లాపూర్‌మెట్‌లో సెట్టు చూసుకుంటున్నాడని తెలిసి అక్కడికే వెళ్ళాం. స్టీఫెన్ చేసినదంతా చెప్పాను. వినయ్ చెక్క స్తంభానికి ఆనుకుని అంతా విన్నాడు. అతను చెడ్డవాడు కాదు అక్కయ్యా, ఆ వీడియో చూసి అతని నిర్మాత అతన్నీ నిలదీశాడట. నా ఎదుటే స్టీఫెన్‌కు ఫోను చేసి, పొరపాటు నాది, రేపు రా అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “మీ వేషం సంగతి నా ఒక్కడి చేతిలో లేదు సార్,” అన్నాడు. రెండు రోజుల తర్వాత నిర్మాత ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. వేషం ఇంకొకరికి ఇచ్చారు. ఆరోగ్యం చూసుకోమన్నారు.

స్టీఫెన్ మర్నాడే ఇంటికి వచ్చాడు. ఎందుకు చెప్పారని నా మీద కోపగించుకున్నాడు. దుర్గ అన్నం పెడితే తినకుండా కూర్చున్నాడు. చివరికి ఆవిడే, నువ్వు తినకపోతే ఈయనా తినరని కంచం ముందుకు జరిపితే తిన్నాడు. పనిలో చేరాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, రూబీకి ఇప్పుడు మొత్తం చెప్పిన సార్ అన్నాడు.

వేషం పోయిన బాధ ఉంది. లేదని నీకు అబద్ధం రాయను. పొద్దున లేవగానే ఆ సినిమాలో నా మాటలు నోటికొస్తాయి.

డాక్టరు వ్యాయామానికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చోటికి పంపాడు. పెద్ద గది. అందరూ నాలాంటివాళ్ళే. పెద్ద అడుగులు వేయిస్తారు, గొంతెత్తి అరిపిస్తారు. మొదటి రోజు గుమ్మంలోంచే వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. పదిమంది చేతులు పదిరకాలుగా వణుకుతుంటే చూడలేకపోయాను. నాకు రాబోయేదంతా అక్కడ వరసగా కూర్చున్నట్టు అనిపించింది. దుర్గ వెనక నిలబడి ఉంది కనుక లోపలికి వెళ్ళాను.

కిష్టమ్మ అని ఒకావిడ, నీ వయసు ఉంటుంది, కుర్చీలోంచి నన్ను తేరిపార చూసింది.

“నువ్వు లడ్డు సినిమాల వియ్యంకుడివి కదా?” అని అడిగింది.

అవునన్నాను. తప్పుల సంగతి ఎత్తుతుందనుకున్నాను.

“మా ఇంట్ల అందరు నవ్విండ్రు. నేను నీ నడక చూసిన. గీయనకు నా బీమారే ఉన్నది, ఎవ్వరికి చెప్పుకుంటలేడు పాపం అనుకున్న. అప్పటిసంది నీ కోసం గూడ మొక్కుతున్న బిడ్డా,” అంది.

అక్కయ్యా, కొన్ని నెలలుగా నా చేతిని ఎవరూ చూడకూడదని బతికాను. ఈ మనిషి ఎప్పుడో చూసింది, చూసి నా కోసం దేవుణ్ణి అడిగింది. దుర్గ కళ్ళు తుడుచుకుంటూ బయట కూర్చుంటానని వెళ్ళింది. నేను కిష్టమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి, అందరూ గట్టిగా ‘ఆ’ అనండి అంది. అన్నాం.

నీ తమ్ముడు,
చక్రపాణి